సింప్సన్స్ తాతయ్య దాచిన పేరు

కుటుంబ చరిత్ర పుస్తకాలు అనగానే చాలామందికి గుర్తొచ్చేది అలెక్స్ హేలీ ‘రూట్స్’. 1976లో వచ్చింది. ఈరోజు మాత్రం ఒక కార్టూన్ ఫ్యామిలీ చరిత్ర చెప్పుకుందాం. అదేనండీ, ‘ది సింప్సన్స్’!

దీన్ని సృష్టించిన మాట్ గ్రోనింగ్ పాత్రల పేర్లు సొంత ఇంట్లోంచే తీసుకున్నాడు. వాళ్ళ నాన్న పేరు హోమర్, అమ్మ మార్గరెట్, చెల్లెళ్ళు లీసా, మ్యాగీ. తన పేరు మాత్రం పెట్టుకోలేదు, ఆ పిల్లాణ్ణి బార్ట్ చేశాడు. 1991లో ఈ కుటుంబం పేరుతో ఏకంగా ఒక ఆల్బమ్ పుస్తకమే వచ్చింది, వంశవృక్షంతో సహా.

ఇక అసలు విషయం. 2010లో ‘ది కలర్ ఎల్లో’ అని ఒక ఎపిసోడ్ వచ్చింది. స్కూల్ ప్రాజెక్ట్ కోసం లీసా పూర్వీకుల గురించి వెతుకుతుంది. చూస్తే అందరూ చెడ్డవాళ్ళే! చివరికి అటక మీద ఎలైజా అనే అమ్మాయి రాసిన పాత డైరీ దొరుకుతుంది. వర్జిల్ అనే నల్లజాతి బానిస తప్పించుకోవడానికి ఆమె సాయం చేసిన కథ అది. ట్విస్ట్ ఏంటంటే, ఆ వర్జిల్ కూడా వీళ్ళ పూర్వీకుడే. తాతయ్యకి ముందే తెలుసు. కానీ తన తరంలో పాతుకుపోయిన జాతి వివక్ష వల్ల ఇన్నాళ్ళూ దాచాడు.

చూశారా? పుస్తకంలో వంశవృక్షం ఎంత అందంగా గీసినా, సిగ్గుపడి చెరిపేసిన పేరు అందులో కనిపించదు. అది పెద్దవాళ్ళ నోటి నుంచే రావాలి.

అందుకే ఈ ఆదివారం ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, అమ్మమ్మనో తాతయ్యనో ఒక్క ప్రశ్న అడగండి: “మనింట్లో ఎవరి గురించి ఎవ్వరూ మాట్లాడరు?”