గంటను ఆపుట మరమ్మతు కాదు
(విద్యుత్ సబ్‌స్టేషను కార్మికుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



సబ్‌స్టేషనులో అందరి దృష్టికీ దూరముగా ఉండేది బ్యాటరీ గది. కాని లైనుపై లోపము ఏర్పడినపుడు బ్రేకరు ట్రిప్ కాయిలుకు శక్తినిచ్చేది ఆ బ్యాటరీయే. డి.సి. లేనినాడు బ్రేకరు తెరచుకొనదు. తెగిన తీగ విద్యుత్తుతోనే నేలపై పడి ఉంటుంది. కావున ఛార్జరు అలారము మన ప్రాణరక్షణకు సంబంధించిన విషయము.

బజరు మ్రోగగానే బొత్తాము నొక్కి ఆపుట మనలో చాలామందికి అలవాటైనది. ధ్వని ఆగినంత మాత్రాన లోపము పోదు. వెలిగిన దీపమేదో చూచి, సమయముతో సహా లాగ్ బుక్కులో వ్రాసిన పిదపనే రీసెట్ చేయవలెను.

‘ఏ.సి. ఫెయిల్’ దీపము వెలిగినచో, ఛార్జరుకు వచ్చే మూడు ఫేజులనూ, ఫ్యూజులనూ పరీక్షించవలెను. అప్పటినుండి లోడంతా బ్యాటరీపైననే ఉన్నదని మరువరాదు.

‘డి.సి. అండర్ వోల్టేజి’ వచ్చినచో, ముందుగా బ్యాటరీ టెర్మినళ్ల వద్ద మల్టీమీటరుతో కొలవవలెను. 55 లెడ్ యాసిడ్ సెల్లులు గల 110 వోల్టుల బ్యాటరీ ఫ్లోట్‌పై ఉన్నపుడు సెల్లుకు సుమారు 2.15 నుండి 2.25 వోల్టులు, మొత్తము 118 నుండి 124 వోల్టులు ఉండవలెను. అంత ఉన్నచో లోపము అలారము సర్క్యూటులోనిది. నిజముగానే తగ్గినచో ఛార్జరు అమ్మీటరును చూడవలెను. కరెంటు సున్న అయినచో రెక్టిఫైయరు ఫ్యూజు గాని, కంట్రోలు కార్డు గాని పోయి ఉండవచ్చును. కరెంటు పరిమితిని తాకుతున్నచో లోడు పెరిగినదా, బ్యాటరీ ఖాళీ అయినదా, ఏదైనా సెల్లు షార్టయినదా అని వెదకవలెను.

‘ఓవర్ వోల్టేజి’ వచ్చినపుడు ఛార్జరును బూస్ట్‌లోనే వదిలివేసినారేమో చూడవలెను. అతిగా ఛార్జి చేసినచో నీరు తరిగి హైడ్రోజను వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరినచో ఒక్క నిప్పురవ్వ చాలును. ఎగ్జాస్ట్ ఫ్యాను చెడినదని తెలిసి ఊరకుండరాదు.

అన్నిటికన్న నిర్లక్ష్యమునకు గురి అయ్యేది ‘ఎర్త్ ఫాల్ట్’. ఒక ధ్రువము నేలను తాకినా ఏదీ ఆగదు. అందుచేత ఎవరికీ పట్టదు. రెండవ చోట కూడ తాకిననాడు బ్రేకరు అకారణముగా ట్రిప్ కావచ్చును, లేదా అవసరమైనపుడు ట్రిప్ కాకపోవచ్చును. రెండు ధ్రువములనుండి నేలకు వోల్టేజి కొలిచినచో, లోపమున్న ధ్రువము వైపు సున్నకు దగ్గరగాను, రెండవ వైపు పూర్తి వోల్టేజికి దగ్గరగాను చూపుతుంది. పిదప ఫీడర్లను ఒక్కొక్కటిగా తీసి చూడవలెను. కాని ఫీడరు తీసినంతసేపు ఆ లైనుకు రక్షణ ఉండదు. పై అధికారి అనుమతి లేకుండ ఎవరూ ఈ పని చేయరాదు.

కాలిన ఫ్యూజు స్థానములో తీగ చుట్టుట నేరముతో సమానము. ఛార్జరును ఆపిన తరువాత కూడ కెపాసిటర్లలో వోల్టేజి నిలిచి ఉంటుంది. కొలవక చేయి పెట్టరాదు.

ఇంత జాగ్రత్త కార్మికుడు వహించినా, స్పేర్ ఫ్యూజులు లేనిచోట, షిఫ్టుకు ఒక్కరే ఉన్నచోట, కాలము తీరిన బ్యాటరీని మార్చనిచోట అలారము మ్రోగుతూనే ఉంటుంది. చివరకు విసుగెత్తి ఎవరో దాని వైరును ఊడదీస్తారు. ప్రమాదము జరిగిననాడు నింద ఆ ఆపరేటరుపైననే పడుతుంది. అందుచేత ప్రతి అలారమునూ వ్రాతమూలకముగా తెలియజేసి, నకలు యూనియను శాఖకు ఇవ్వవలెను. షిఫ్టుకు శిక్షణ పొందిన రెండవ వ్యక్తి, పనిచేసే మల్టీమీటరు, విడిభాగములు, బ్యాటరీకి క్రమము తప్పని కెపాసిటీ పరీక్ష: ఇవి మన కోర్కెలు. లాగ్ బుక్కులోని ఆ పంక్తులే మన కోర్కెలకు ఆధారము, నింద వచ్చిననాడు మనకు రక్షణ.