పేరు ఒక్కటే, నేల ఒక్కటి కాదు
(విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు నేల మీద ఏ ఊరికి పోయినా, ఏ ఆఫీసుల హాజరు పట్టీ తీసినా కనబడే పేరు రెడ్డి. ఉద్యమ కాలంల మనల్ని ఒక ప్రశ్న అడుగుతుండేటోళ్లు. అక్కడా రెడ్లే, ఇక్కడా రెడ్లే, మాట్లాడేది ఒక్కటే భాష, మీకు వేరు రాష్ట్రం ఎందుకని. ఇంకో దిక్కు నుంచి, ఇదంతా రెడ్ల, రావుల పదవుల కొట్లాట, మాకేం సంబంధం అన్నోళ్లూ ఉన్నరు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ రెండు మాటలు మాత్రం ఇంకా పోలేదు. అందుకే ఈ పేరు ఎక్కడ పుట్టింది, ఎవరెవరు మోసిన్రు, అది మనకు ఏం చెప్తది, ఏం చెప్పదు అన్న సంగతి ఇవాళ మాట్లాడుకుందాం.

మొదటి సంగతి. రెడ్డి అసలు ఇంటిపేరే కాదు. మర్రి చెన్నారెడ్డి ఇంటిపేరు మర్రి. నీలం సంజీవరెడ్డి ఇంటిపేరు నీలం. సురవరం ప్రతాపరెడ్డి ఇంటిపేరు సురవరం. మన దగ్గర ఇంటిపేరు ముందుంటది, రెడ్డి వెనుక ఉంటది. పాస్‌పోర్టు ఫారాలల్ల పేరు చివరి మాటను ఇంటిపేరు గడిలో రాసుడు మొదలైనంక అమెరికాల మనోళ్లు చాలామంది 'మిస్టర్ రెడ్డి'లు అయిన్రు.

రెండో సంగతి పుట్టుక. పాత శాసనాలల్ల రట్టడి, రట్టగుడి అన్న మాటలున్నయి. ఊరి పెద్దరికం చేసేటోళ్లను అట్ల పిలిచేది. రెడ్డి అన్న మాట వాటి నుంచే వచ్చిందని చాలామంది పండితులు చెప్తరు. అంటే మొదలు అది ఒక కొలువు. ఊరి శిస్తుకు, ఊరి తగవుకు జవాబు చెప్పేటోని పేరు. కొలువు తండ్రి నుంచి కొడుకుకు పోయింది, ఆ తర్వాత పేరు కులానికి గుర్తయి కూసున్నది. 1984ల సర్కారు పటేల్, పట్వారీ వంటి వంశపారంపర్య గ్రామాధికారుల కొలువులను రద్దు చేసింది. పెద్దరికం కొలువు పోయింది, పేరు మిగిలింది.

ఈ పేరు కృష్ణానదికి రెండు దిక్కులా ఉన్నది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడిని జనం రుద్రారెడ్డి అంటరు. 1213ల ఆయన కట్టించిన రామప్ప గుడి 2021ల యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాల చేరింది. రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి వంశం ఏలింది మన పాలమూరు సీమలోని వర్ధమానపురం. కాకతీయ రాజ్యం 1323ల కూలినంక, అవతలి దిక్కు అద్దంకి, కొండవీడు కేంద్రాలుగా రెడ్డి రాజ్యం నిలబడ్డది. పేరు మీద ఎవరికీ గుత్తాధిపత్యం లేదు.

ఇగ మన కాలానికొద్దాం. 1918ల హైదరాబాద్‌ల రెడ్డి హాస్టల్ పెట్టించిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి నిజాం కాలంల నగర కొత్వాలు. 1926ల గోలకొండ పత్రిక మొదలుపెట్టిన సురవరం, తెలంగాణల కవులే లేరన్న వెక్కిరింతకు 1934ల జవాబిచ్చిండు. 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక తెచ్చిండు. రెండు చేతుల సంపాదించే తెలివి ఉండి కూడ భాష కోసం నిలబడ్డ మనిషి ఆయన.

కానీ మిత్రులారా, అదే కాలంల అదే పేరుతోని ఇంకొకరున్నరు. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి. ఆ గడీ మీద తిరగబడ్డ పోరాటంల ముందు నడిచినోళ్లల్ల రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, భీమిరెడ్డి నరసింహారెడ్డి ఉన్నరు. 1947 సెప్టెంబర్ 11న సాయుధ పోరాటానికి పిలుపునిచ్చిన ముగ్గురు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్. 1952 ఎన్నికలల్ల నల్గొండ జనం రావి నారాయణరెడ్డికి నెహ్రూకు వచ్చినయాటి కంటె ఎక్కువ ఓట్లు వేసిన్రు. గడీల ఉన్నోడూ రెడ్డే, గడీని కూలగొట్టినోడూ రెడ్డే. ఇగ పేరు ఏం చెప్పినట్టు?

ఇంకో మాట మరువొద్దు. తన పంట కోసం ఆ దేశ్‌ముఖ్‌తోనే కొట్లాడిన చిట్యాల ఐలమ్మ పేరు చివర ఏ పెద్దరికం బిరుదూ లేదు. 1946 జులై 4న కడవెండిల తూటాకు నేలకొరిగిన దొడ్డి కొమురయ్య పేరు చివర కూడ లేదు. తెలంగాణ చరిత్రల వాళ్ల పేర్లు ముందు రాయాలె.

ఇప్పుడు 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందం కాగితం చూడుండ్రి. దాని మీద ఎనిమిది సంతకాలు. ఆంధ్ర దిక్కు నుంచి బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి, గౌతు లచ్చన్న, అల్లూరి సత్యనారాయణరాజు. మన దిక్కు నుంచి బూర్గుల రామకృష్ణారావు, కొండా వెంకట రంగారెడ్డి, మర్రి చెన్నారెడ్డి, జె.వి. నర్సింగరావు. అటు ఇద్దరు రెడ్లు, ఇటు ఇద్దరు రెడ్లు. పేరే చుట్టరికమైతే ఒప్పందం నిలవాలె గదా! ముఖ్యమంత్రి ఒక ప్రాంతపోడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతపోడు కావాలని రాసుకున్నరు. నవంబర్ 1న సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయిండు. ఉప ముఖ్యమంత్రి కొలువు మాత్రం ఇయ్యలేదు. సిరా ఆరకముందే మాట తప్పిన్రు.

1969ల గూడ అదే కథ. ముల్కీ హక్కుల కోసం మన పిల్లలు రోడ్డెక్కితే తూటాలు పేల్చిన సర్కారుకు పెద్ద కాసు బ్రహ్మానందరెడ్డి. తెలంగాణ ప్రజా సమితిని నడిపింది చెన్నారెడ్డి. 1971ల జనం 14 పార్లమెంటు సీట్లల్ల 10 గెలిపిస్తే అదే ఏడాది ప్రజా సమితిని కాంగ్రెస్‌ల కలిపిండు. ఈ పాఠం గూడ చెప్పుకోవాలె. మనోడన్నంత మాత్రాన మనకోసమే ఉంటడని కాదు.

ఉమ్మడి రాష్ట్రంల రెడ్డి పేరుతోని ముఖ్యమంత్రులైనోళ్లను లెక్కబెట్టుండ్రి. సంజీవరెడ్డి, బ్రహ్మానందరెడ్డి, విజయభాస్కరరెడ్డి, జనార్దనరెడ్డి, రాజశేఖరరెడ్డి, కిరణ్‌కుమార్‌రెడ్డి. తెలంగాణ నుంచి చెన్నారెడ్డి ఒక్కడే. పేరుకు ప్రాంతం లేదు, అధికారానికి ఉన్నది.

ఉద్యోగ మిత్రులకు ఇది బాగా తెలుసు. 1985 డిసెంబర్ 30న వచ్చిన 610 జీవో ఎవరి పేరు చివర ఏమున్నదని అడగలేదు. ఐదు, ఆరు జోన్లల్ల నిబంధనలు దాటి వచ్చినోళ్లను వెనుకకు పంపుమన్నది. ఏండ్లకేండ్లు అమలు కాలేదు. నష్టపోయిన నిరుద్యోగులల్ల రెడ్డి ఉన్నడు, గౌడ్ ఉన్నడు, మాదిగ బిడ్డ ఉన్నడు, ముస్లిం బిడ్డ ఉన్నడు. వాళ్లందరినీ ఒక్క కాడికి తెచ్చింది నేల, పేరు కాదు.

రాష్ట్రం వచ్చినంక మళ్లీ పేరు చివరి అక్షరాల లెక్కలు మొదలైనయి. ఏ కులపోడు గద్దె మీద ఉన్నడని అడుగుడు తప్పు కాదు. ఎవరి వాటా ఎంతని అడుగుడు హక్కు. కానీ అది మొదటి ప్రశ్న, ఆఖరి ప్రశ్న కాదు. రెడ్డి అన్న మాట పుట్టిందే ఊరికి జవాబు చెప్పే కొలువుగా. ఇవాళ గద్దె మీద ఎవరున్నా, పేరు చివర ఏమున్నా, ఆ జవాబు అడుగుడు మన పని. మా ఊరి చెరువు నిండిందా, మా పిల్లలకు కొలువొచ్చిందా, ఐలమ్మ బిడ్డలకు భూమి దక్కిందా అని అడగాలె. అడుగుదాం, అడుగుతనే ఉందాం.

జై తెలంగాణ!