వాసనలోని బలము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను వైద్యుడను కాను. ఊరి లెక్కలు వ్రాసికొనువాడను. ఐనను మన పోపులపెట్టెలోని వాము, లవంగములను గురించి చదివి తెలిసికొన్న కొన్ని సంగతులను మీకు విన్నవింపదలచితిని.

లవంగమునకు అమరకోశమున దేవకుసుమమని పేరు. దాని ఘాటునకు మూలమైన పదార్థమును రసాయనజ్ఞులు యూజినాల్ అందురు. వాములోనిది థైమాల్. వాము గింజలకు నీటి యావిరి పట్టి, ఆ యావిరిని చల్లార్చినచో నూనె నీటిపై తేలును. లవంగతైలము నీటికంటె బరువగుటచే అడుగునకు దిగును. 100 పాళ్ల వాములో నూనె సుమారు 2 నుండి 4 పాళ్లు మాత్రమే.

ఈ పరిమళము మన ముక్కునకై పుట్టినది కాదు. శత్రువు వచ్చినను కదలి పోలేని మొక్క, పురుగులనుండియు బూజునుండియు సూక్ష్మజీవులనుండియు తన్ను కాచుకొను సాధనములలో ఇది యొకటి. సూక్ష్మజీవి దేహమును పలుచని పొర చుట్టియుండును. ఆ పొరలో కొవ్వు కలదు. తైలము కొవ్వులో కలియునది గనుక పొరలో జొరబడి దానిని వదులుచేయును. అంతట లోపలి లవణములు బయటికి కారి, ఆ జీవి నశించును.

థైమాల్‌ను 1719లో న్యూమన్ అను జర్మను పండితుడు వేరుపరచెను. 1867లో లిస్టరు అను శస్త్రవైద్యుడు పుండ్లు కుళ్లకుండ వాడిన కార్బాలిక్ ఆమ్లమునకు ఇది రసాయన వర్గమున చుట్టము. 1914 నాటి యుద్ధమునకు ముందు మన వాము ఓడలపై జర్మనీకి పోయి, అచ్చట థైమాల్‌గా మారెడిది. గింజ మనది, విద్య వారిది! దంతవైద్యులు నేటికిని జింక్ ఆక్సైడుతో యూజినాల్ కలిపి, పంటి రంధ్రమును తాత్కాలికముగా పూడ్చుదురు.

ఇది జమ. ఖర్చు దాచిన లెక్క లెక్క కాదు గనుక దానినిగూడ చెప్పెదను. గాజుపాత్రలో సూక్ష్మజీవిని చంపిన నూనె మన దేహములోను చంపునని నమ్మరాదు. కొన్ని సూక్ష్మజీవులకు వెలుపల మరియొక పొర యుండుటచే అవి సులభముగా లొంగవు. చిక్కని తైలము చర్మమును కాల్చును. కర్పూరముగాని, నీలగిరి తైలముగాని, లవంగతైలముగాని పసిబిడ్డ కడుపులోనికి పోయినచో మూర్ఛలు వచ్చి ప్రాణాపాయము కలుగవచ్చును. తల్లులారా, ఆ సీసాలను పిల్లలకు అందని ఎత్తున నుంచుడు. క్షయకో, టైఫాయిడుకో వైద్యుడు వ్రాసిన మందును గడువు తీరకముందే మాని నూనెలను నమ్ముకొనుట ప్రమాదము. సగములో మానిన మందునకు సూక్ష్మజీవులు అలవాటుపడి, పిదప లొంగకపోవచ్చును.

మన అవ్వల వాడుకను వెక్కిరించుట తగదు. పరీక్షింపక పొగడుటయు తగదు. గుణముతోపాటు మాత్రను తెలిసికొనవలెను. మాత్ర తెలియుటకు చదువు వలయును. ఆ చదువును పేదవాని గుమ్మమువరకు తెచ్చుటకే ఈ గ్రంథాలయము 25 ఏండ్లుగా దీపము వెలిగించుచున్నది. వైద్యము, వృక్షశాస్త్రము తెలుపు తెలుగు పుస్తకములకు ఇచట ఇంకొక బీరువా ఏర్పడవలెనని కోరుచున్నాను.