సీట్లు పెరగాలి, మనం విడిపోకూడదు



మస్కట్ ప్రాంతంలో ఉన్న ఇండియన్ స్కూళ్లలో కొత్త అడ్మిషన్లకు మనమంతా ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టుకుంటాం. సీట్లకంటే పిల్లలు ఎక్కువైతే డ్రా తీస్తారు. దగ్గరి బడిలో సీటు రాని బిడ్డ పొద్దున్నే దూరపు బస్సెక్కాల్సిందే.

దీని మీద మనలో మనకే మాటా మాటా వచ్చింది. “దగ్గరున్నోళ్లకే ముందు ఇవ్వాలి” అని రూవీ వాళ్లన్నారు. “అద్దె కట్టలేక దూరం పోయాం, మా దగ్గరి బడి నిండితే మా పిల్లలెక్కడికి పోవాలి?” అని మబేలా వాళ్లడిగారు.

రెండూ న్యాయమైన మాటలే. అందుకే మేము చెప్పేదొకటే. హద్దు ఎక్కడ గీసినా, సీట్లు పెరగకపోతే ఎవరో ఒకరి బిడ్డకు కష్టమే. కాబట్టి సీట్లు పెంచమని అందరం కలిసి అడుగుదాం. అన్నాచెల్లెళ్లను ఒకే బడిలో ఉంచమని, దూరం పోయే పిల్లల బస్సు ఖర్చు తగ్గించమని కూడా అడుగుదాం.

ఫారం నింపడం రానోళ్లు మొహమాటపడొద్దు. బిడ్డ పాస్‌పోర్టు, రెసిడెంట్ కార్డు, పుట్టిన సర్టిఫికెట్ పట్టుకుని శుక్రవారం మా దగ్గరికి రండి. కూర్చుని నింపిపెడతాం. గడువు దాటనివ్వకండి.

సెలవు.