లోహపు నేల – మందునిచ్చు సూక్ష్మజీవి
(గోల్‌మురిలో తెలుగు కుటుంబముల సభయందు చదువబడిన ప్రసంగపాఠము)



తొలకరి చినుకు పడగానే నేలనుండి లేచు కమ్మని వాసనను ఎఱుగనివారుండరు. ఆ వాసనకు ముఖ్యకారణము జియోస్మిన్ అను పదార్థము. దానిని పుట్టించువానిలో ప్రధానమైనవి స్ట్రెప్టోమైసిస్ అను సూక్ష్మజీవులు. ఇవి బాక్టీరియా జాతివే అయినను బూజువలె దారములుగా అల్లుకొని పెరుగును. మానవుడు వాడుకొను యాంటీబయాటిక్ మందులలో పెక్కింటికి ఇవియే పుట్టినిల్లు.

ఈ విషయముతో తెలుగువారికి చుట్టరికము కలదు. 1895లో భీమవరమున జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున పరిశోధనలకు నాయకత్వము వహించుచుండగా, బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు అచ్చట పలుచోట్ల మట్టిని తెప్పించి పరీక్షించెను. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలము మట్టియందు బంగారు వన్నెగల స్ట్రెప్టోమైసిస్ ఒకటి దొరికెను. దానినుండి లభించిన ఆరియోమైసిన్ 1948లో లోకమునకు వెల్లడియయ్యెను. ఆ సంవత్సరమే ఆగష్టు నెలలో సుబ్బారావుగారు దివంగతులైరి. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబమునకు మూలము ఆ పిడికెడు మన్ను.

ఇక లోహముల మాట. గోల్‌మురివారికి లోహమును గూర్చి క్రొత్తగా చెప్పనక్కరలేదు. 1920లో స్థాపితమైన టిన్‌ప్లేట్ కంపెనీ, 2024లో టాటా స్టీలులో విలీనమగువరకు, ఇనుపరేకునకు తగరపు పూత పూయుచు ఈ పేటకు పేరు తెచ్చినది. 1950లో ప్రారంభమైన జాతీయ లోహశోధనాలయము ఈ నగరముననే కలదు. సింహభూమ్ సీమలో ముసాబనీ రాగికి, జాదుగూడ యురేనియమునకు ప్రసిద్ధములు. ఇట్టి సీమలలో లోహము నేలకు రెండు త్రోవల చేరును. ఱాయి అరిగి సహజముగా చేరునది ఒకటి. గనులు, కొలుములు, పారవేసిన బ్యాటరీల మూలమున చేరునది మరియొకటి.

ఇనుము, రాగి, జింకు మితముగా ఉన్నచో ప్రాణాధారములు. బి-12 విటమిన్ నడిబొడ్డున కోబాల్ట్ పరమాణువు ఉన్నది. మితిమీరినచో ఇవియే విషములు. సీసము, పాదరసములు కొంచెమైనను కీడే చేయును. పైగా లోహము కుళ్ళిపోదు, కాలిపోదు. రూపము మార్చుకొనునే కాని నశింపదు. కనుక అట్టి నేలలో బ్రతుకదలచిన జీవి ఉపాయము నేర్వవలసినదే.

స్ట్రెప్టోమైసిస్ నేర్చిన ఉపాయములు ముఖ్యముగా నాలుగు. మొదటిది గెంటివేయుట: కణపు పొరలోని పంపులవంటి ప్రోటీనులు లోపలికి వచ్చిన లోహమును వెలుపలికి త్రోయును. రెండవది కట్టివేయుట: కణపు గోడయు, కొన్ని చిన్న ప్రోటీనులును లోహమును పట్టి ఉంచును. మూడవది మార్చివేయుట: స్ట్రెప్టోమైసిస్ లివిడాన్స్ పాదరసపు లవణమును ఆవిరియై పోవు పాదరసముగా మార్చగలదు, మరికొన్ని జాతులు అత్యంత విషకరమైన ఆఱు సంయోజకతగల క్రోమియమును, అంతకంటె తక్కువ హాని చేయు మూడు సంయోజకతగల రూపమునకు దింపును. నాలుగవది వెలుపలనే పట్టుకొనుట: ఇనుమును సంపాదించుటకై ఇవి సిడెరోఫోరులను పదార్థములను స్రవించును. జర్మనీలో పూర్వపు యురేనియము గనుల తావున దొరికిన స్ట్రెప్టోమైసిస్ అసిడిస్కేబీస్ ఇట్టి పదార్థములతో నికెల్‌ను సైతము బంధించి తన్ను కాపాడుకొనుచున్నది.

ఈ నాలుగవ ఉపాయము మానవునకు మహోపకారమైనది. స్ట్రెప్టోమైసిస్ పైలోసస్ ఇచ్చు డెస్ఫెరియాక్సమిన్, తలసీమియా రోగమున మాటిమాటికి రక్తమెక్కించుకొను బిడ్డల శరీరమున పేరుకొను ఇనుమును వెలికితీయు మందైనది. టెట్రాసైక్లిన్‌కు కూడ లోహమును పట్టు గుణము కలదు. అందుచేతనే దానిని పాలతోగాని, ఇనుము మాత్రలతోగాని పుచ్చుకొనరాదు. అవి కలిసినచో మందు ఒంటబట్టదు.

అయితే ఇందొక భయస్థానము ఉన్నది. పాము తన విషమునకు తాను చావనట్లు, మందునిచ్చు సూక్ష్మజీవి తన మందునుండి తన్ను రక్షించుకొను విద్యను కూడ కలిగియుండును. ఆస్పత్రులలో మందులకు లొంగని రోగక్రిములు వాడు ఎంజైములవంటివే స్ట్రెప్టోమైసిస్‌లో ఉన్నవని 1973లో బెన్‌వెనిస్ట్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. బాక్టీరియాలు ఇట్టి జన్యువులను ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకొనగలవు. లోహమును తట్టుకొను జన్యువు, మందును తట్టుకొను జన్యువు పలుమార్లు ఒకే మూటలో ప్రయాణము చేయును. కొన్ని పంపులు రెండింటిని గెంటును. కాబట్టి మందు సోకని నేలలో సైతము లోహమొక్కటే చాలును, మందులకు లొంగని క్రిములను ఏరి నిలుపుటకు. మందు కొంతకాలమునకు శిథిలమగును. లోహము తరతరముల వఱకు నిలిచి ఆ పనిని సాగించుచుండును.

స్ట్రెప్టోమైసిస్‌చే నేలను శుద్ధిచేయు ప్రయత్నములు పలుదేశములలో జరుగుచున్నవి. కాని అవి లోహమును కట్టగలవు, మార్చగలవు, మాయము చేయలేవు. కనుక నేలను చేరకముందే అడ్డుకొనుట మేలు. ఇంట పాడైన బ్యాటరీలను పెరటిలో పాతిపెట్టక, వానిని సేకరించు చోట అప్పగింపవలయును. యాంటీబయాటిక్‌లను వైద్యుడు చెప్పినప్పుడే, చెప్పినన్ని దినములు వాడవలయును. మిగిలినవానిని కాలువలో పోయరాదు. పెరటి ఆకుకూరలను మన్ను పోవునట్లు బాగుగ కడుగవలయును.

సుబ్బారావుగారి తరము మట్టిలో మందును వెదకి కనుగొన్నది. ఆ మందు పనిచేయు శక్తిని ఆ మట్టియే హరింపకుండ చూచుకొను భారము నేటి తరముపై ఉన్నది.