కౌన్సిల్ ఎజెండాలో మన మొహల్లా

(గోదావరిఖనిలో ముస్లిం కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కులు అనగానే మనకు రాజ్యాంగం, పార్లమెంటు, సుప్రీంకోర్టు గుర్తుకు వస్తాయి. ఆ చర్చ అవసరమే. అయితే నేను ఈ సాయంత్రం చాలా చిన్నదిగా కనిపించే ఒక వస్తువును గురించి మాట్లాడదలిచాను. అది నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశానికి ముందు సభ్యులకు పంపిణీ చేసే ఎజెండా ప్రతి. మన ఇళ్ల ముందు మురుగుకాలువ మొదలుకొని మన మృతులు విశ్రమించే నేల వరకు ఎన్నో విషయాలు ఆ కాగితాలపైనే తేలిపోతున్నాయి. ఆ కాగితాలను మనలో ఎంతమందిమి ఎన్నడైనా చేతిలోకి తీసుకొని చదివాము?

వాటిలో ఏముంటుందని మీరడగవచ్చు. పెద్ద ఆకర్షణీయమైన సంగతులేమీ ఉండవు. గత సమావేశపు మినిట్స్‌కు ఆమోదం, చెత్త ట్రాక్టర్ల డీజిలు, మరమ్మతుల బిల్లులు, ఔట్‌సోర్సింగ్ పారిశుద్ధ్య కార్మికుల వేతనాలు, పైపులైన్ లీకేజీలు, వీధి దీపాలు, బ్లీచింగ్ పౌడర్ కొనుగోలు, సీసీ రోడ్ల అంచనాలు, టెండర్ల ఖరారు, అత్యవసరం పేరుతో ముందే చేసిన పనులకు తర్వాత ఇచ్చే ఆమోదం. చివరి క్షణంలో సభ్యుల ముందుకు వచ్చే అంశాలను టేబుల్ ఎజెండా అంటారు. చదవడానికి వ్యవధి లేనిది అదే కనుక అందరికంటె జాగ్రత్తగా చదవవలసిందీ అదే. ఏ పట్టణంలోనైనా మరునాటి పత్రికల్లో వచ్చేది ఎవరు వాకౌట్ చేశారు, ఎవరు పోడియం ముందు బైఠాయించారు అన్న వార్త మాత్రమే. ఆ కోలాహలం నడుమనే “ఆమోదించడమైనది” అన్న ఒక్క మాటతో లక్షల రూపాయల పనులు ఒక వీధికి వెళ్తాయి, మరొక వీధికి వెళ్లవు.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ స్థానిక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలను పన్నెండవ షెడ్యూలులో చేర్చింది. అందులో 14వ అంశం ఖననభూములు, శ్మశానాలు. 16వ అంశం జనన మరణాల నమోదు. 18వ అంశం కబేళాల నియంత్రణ. అంటే పురిటి మంచం నుండి జనాజా వరకు మన జీవితం ఈ సభ పరిధిలోనిదే. మనమేమో రంజాన్ రాగానే మస్జిద్ దారిలో దీపాలు వెలిగించమని, ఈద్‌కు ముందు ఈద్గాహ్ మైదానం చదును చేయమని వినతిపత్రం పట్టుకొని వెళ్తాము. పని జరిగితే శాలువా కప్పి ఫొటో దిగుతాము. తక్కిన పదకొండు మాసాలూ ఆ భవనం వైపు చూడము. హక్కుగా రావలసినది కానుకగా మారిపోయేది ఇక్కడే.

ఈ బొగ్గు ప్రాంతంలో దీనికి ఒక ప్రత్యేక కారణమున్నది. రామగుండం ఒకే యజమాని ఉన్న నగరం కాదు. సింగరేణి కాలనీలు ఒకవైపు, ఎన్టీపీసీ టౌన్‌షిప్ మరొకవైపు, 1999లో మూతపడి తర్వాత ఆర్‌ఎఫ్‌సీఎల్‌గా పునరుద్ధరణ పొందిన ఎరువుల కర్మాగారం ఇంకొకవైపు. వీటి నడుమ, వీటి అంచున నగరపాలక సంస్థ. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ దాదాపు 2 లక్షల 30 వేలమంది ఉన్నారు. కంపెనీ క్వార్టర్‌లో ఉన్నవారికి నీళ్లు, కరెంటు, రోడ్డు, పారిశుద్ధ్యం అన్నీ కంపెనీయే చూసుకుంటుంది. ముప్పయి ఏళ్లు బావిలో దిగి ఎక్కిన కార్మికునికి యూనియన్ ఆఫీసు తెలుసు, మేనేజరు తెలుసు, ఏరియా ఆసుపత్రి తెలుసు. తమ డివిజన్ కార్పొరేటర్ బాధ్యత ఏమిటో తెలుసుకోవలసిన అవసరం ఆయనకు రాలేదు. పదవీ విరమణ పొంది క్వార్టర్ ఖాళీ చేసి, ఊరి అంచున చిన్న ఇల్లు కట్టుకున్న నాడే ఆయన నిజంగా ఈ నగర పౌరుడవుతాడు. అప్పటికి ఆయన వయసు అరవై దాటుతుంది. కొత్త కార్యాలయాలు, కొత్త కిటికీలు, కొత్త దరఖాస్తులు. 1990ల ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగుల సంఖ్య నేడు దాదాపు 40 వేలకు పడిపోయింది. కాంట్రాక్టు కార్మికులకు క్వార్టర్ అన్న మాటే దూరం. కనుక కంపెనీ గొడుగు కింద ఉన్నవారికంటె బయట ఉన్నవారి సంఖ్యే ఏటేటా పెరుగుతున్నది. మన మొహల్లాల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఖబరస్తాన్ విషయానికి వస్తాను. దీనిమీద కాస్త నిలబడి మాట్లాడవలసి ఉన్నది. ఏ పట్టణంలోనైనా ఖబరస్తాన్ భూమి వక్ఫ్‌ది కావచ్చు, ప్రభుత్వానిది కావచ్చు. ఇక్కడ మూడవ అవకాశం ఉన్నది, అది కంపెనీ భూమి కావచ్చు. ఆ భూమిపై నగరపాలక సంస్థ ప్రహరీ కట్టాలన్నా, బోరు వేయాలన్నా, దీపం పెట్టాలన్నా ముందు భూయజమాని నిరభ్యంతరం కావాలి. ఆ నిరభ్యంతరాన్ని అడగవలసింది ఎవరు? మనం ఒక పెద్దమనిషిని వెంటబెట్టుకొని వెళ్లి అడిగితే వచ్చేది హామీ మాత్రమే. ఆ అధికారి బదిలీ అయితే హామీ కూడా బదిలీ అవుతుంది. అదే విషయం కౌన్సిల్‌లో అంశంగా వచ్చి, తీర్మానమై, దానికొక సంఖ్య, ఒక తేదీ పడితే అది కలెక్టర్ కార్యాలయానికి, కంపెనీకి, వక్ఫ్ బోర్డుకు ఒక సంస్థ మరొక సంస్థకు రాసిన కాగితంగా వెళ్తుంది. దానికి జవాబు రావాలి; రాకపోతే ఎందుకు రాలేదని అడిగే ఆధారం మన చేతిలో ఉంటుంది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, ప్రస్తుత స్థితి చూపే ఫొటోలు, వక్ఫ్ గెజెట్‌లో ఉంటే ఆ వివరం. ఇవన్నీ జతచేసి కార్పొరేటర్‌కు, కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు ముద్ర వేయించుకోవాలి. ముద్ర లేని వినతిపత్రం మన దగ్గర ఉన్నా లేనట్లే.

ఓపెన్‌కాస్ట్ గనుల విస్తరణలో ఊళ్లకు ఊళ్లే కదిలిపోతున్న ప్రాంతం మనది. ఇల్లు కదిలించవచ్చు, తాతముత్తాతల సమాధులను ఎవరు కదిలిస్తారు? 2013 భూసేకరణ చట్టం మూడవ షెడ్యూలు పునరావాస ప్రాంతంలో కల్పించవలసిన సదుపాయాలను పేర్కొన్నది. రోడ్లు, తాగునీరు, పాఠశాలలతో పాటు అక్కడ స్థిరపడే సముదాయాల ఆచారాలను బట్టి ఖననభూమి లేదా శ్మశానం కూడా ఆ జాబితాలో ఉన్నది. నష్టపరిహారం లెక్కల హడావుడిలో ఈ సంగతి అడిగేవారు తక్కువ. కాలనీ వెలిసిన తర్వాత, మొదటి జనాజా లేచిన రోజున అడిగితే చాలా ఆలస్యం.

జనన మరణాల రిజిస్టరు మరొక ముఖ్య విషయం. 2023లో చట్టానికి జరిగిన సవరణ ఆ ఏడాది అక్టోబర్ 1 నుండి అమల్లోకి వచ్చింది. ఆ తేదీ తర్వాత పుట్టిన బిడ్డకు బడిలో చేరిక మొదలుకొని ఓటరు జాబితా, డ్రైవింగ్ లైసెన్స్, ప్రభుత్వోద్యోగం వరకు జనన ధ్రువపత్రమే పుట్టిన తేదీకి, స్థలానికి రుజువు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ స్థాయి ఉత్తర్వు తెచ్చుకోవలసి వస్తుంది. మన ఇళ్లలో అఖీఖా నాడు పేరు పెడతారు. ఆసుపత్రివారు అంతకుముందే పేరు లేకుండా వివరాలు పంపి ఉంటారు. ఆ ఖాళీ అలాగే ఉండిపోతుంది. ఏడాదిలోపు రుసుము లేకుండానే పేరు చేర్పించవచ్చు, ఆ తర్వాత రుసుముతో పదిహేనేళ్ల వరకు వీలున్నది. పదవ తరగతి హాల్‌టికెట్ వచ్చేవరకు ఆగనవసరం లేదు.

పేర్ల తేడా మన ప్రత్యేక రోగం. తండ్రి సర్వీసు రికార్డులో ఎం.డి., ఆధార్‌లో మహమ్మద్, బిడ్డ ధ్రువపత్రంలో మొహమ్మద్. తల్లి ఒకచోట బేగం, మరొకచోట బీ. కుటుంబంలో అందరికీ అది ఒకే మనిషి. కిటికీ అవతల కూర్చున్న గుమాస్తాకు మాత్రం ముగ్గురు. సింగరేణిలో వారసత్వ ఉద్యోగానికైనా, భర్త పోయిన స్త్రీకి బొగ్గుగని పింఛనుకైనా ఈ అక్షరాలే అడ్డుపడగలవు. దినపత్రికలో పౌరసత్వం గురించి వచ్చే ప్రతి వార్తకూ గుండెలు బాదుకునే మనం ఇంట్లోని పత్రాలను ఒకచోట పరచి సరిపోల్చుకోవడానికి ఒక్క ఆదివారం కేటాయించలేమా? నమోదు చేసేది నగరపాలక సంస్థే కనుక, బస్తీల్లో దిద్దుబాటు శిబిరాలు పెట్టించమని కౌన్సిల్‌లో అడిగించవచ్చు. అందుకు కొత్త నిధులు పెద్దగా అక్కరలేదు.

అడిగించేవారు ఎవరు? ఇక్కడ 2020 జనవరి ఎన్నికలు 50 డివిజన్లకు జరిగాయి. బీసీలకు కేటాయించిన స్థానాల్లో బీసీ-ఇ, దూదేకుల వంటి బీసీ-బి వర్గాలవారు పోటీ చేయవచ్చునని మనవారిలో చాలామందికి నేటికీ తెలియదు. ఎన్నికైనవారు కాక కార్పొరేషన్‌లో ఐదుగురు కో-ఆప్షన్ సభ్యులుంటారు. వారిలో ఇద్దరు మైనారిటీలు, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ. 2006లో సచార్ కమిటీ నివేదిక స్థానిక సంస్థల్లో మైనారిటీలకు ఇటువంటి నామినేషన్ పద్ధతి ఉండాలంటూ ఉదాహరణగా చూపింది నాటి మన ఉమ్మడి రాష్ట్రాన్నే. ఈ సభ్యులకు ఓటు లేదు. మాట్లాడే హక్కు ఉన్నది. ఓటు లేదు కనుక పదవి అలంకారమేనని కొందరు తేల్చేస్తారు. నాకు అలా అనిపించదు. సభలో మాట్లాడిన మాట మినిట్స్‌లోకి ఎక్కుతుంది. ఓటు ఉండి నోరు విప్పని సభ్యునికంటె, ఓటు లేకున్నా ప్రతి సమావేశంలో ఒక అంశం లేవనెత్తి నమోదు చేయించే సభ్యురాలు మనకు ఎక్కువ ఉపయోగం. ఆ పదవికి ఎవరి పేరు వెళ్లాలన్నది పార్టీ కార్యాలయంలో తేలకముందే మన మధ్య చర్చకు రావాలి. ఆ మహిళా సభ్యురాలి బదులు ఆమె భర్తే ఫోన్ ఎత్తే పద్ధతి ఉంటే దానికి స్వస్తి చెప్పాలి.

2019 పురపాలక చట్టం ప్రతి వార్డులో యువజనులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖ పౌరులకు వేర్వేరుగా నాలుగు కమిటీలు, ఒక్కొక్కదానిలో 15 మంది ఉండాలన్నది. 50 డివిజన్లకు లెక్కవేయండి, 3 వేల స్థానాలు. మీ డివిజన్ కమిటీల్లో ఎవరెవరున్నారో పది రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి అడగవచ్చు. ముప్పయి రోజుల్లో జవాబివ్వాలి. తోపుడుబండ్ల సోదరులకు కూడా ఒక మాట. 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీలో విక్రేతల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకూడదు. వారిలో మైనారిటీలకు తగిన ప్రాతినిధ్యం ఉండాలని ఆ చట్టంలోనే రాసి ఉన్నది. గుర్తింపు కార్డు లేని బండి పోలీసు లాఠీకి సులువుగా దొరుకుతుంది.

ఆ పాలకవర్గం గడువు 2025 జనవరిలో ముగిసి ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. రోడ్లు ఊడ్చారు, దీపాలు వెలిగాయి, బిల్లులు చెల్లించారు. కౌన్సిల్ లేకపోతే ఏమైందని అడిగినవారూ ఉన్నారు. ఏమైందంటే, ప్రశ్నించడానికి ఒక వేదిక లేకపోయింది. ఎజెండా లేదు, చర్చ లేదు, సంతకం మాత్రమే ఉన్నది. కౌన్సిల్ సమావేశం ఎంత విసుగు పుట్టించినా, అది జరగని నాడు తెలుస్తుంది దాని విలువ.

చివరగా ఆచరణకు సంబంధించిన మాట. ప్రతి మస్జిద్ కమిటీ ఒక ఫైలు తెరవాలి. కౌన్సిల్ ఉన్నంతకాలం ప్రతి సమావేశపు ఎజెండా, మినిట్స్ నకళ్లు తెప్పించి అందులో ఉంచాలి. మన వీధుల పేర్లు వచ్చినచోట గీత గీయాలి. ఏ పని ఎంతకు మంజూరైంది, నేల మీద ఎంత జరిగింది పక్కన రాయాలి. తెలుగు చదవలేని పెద్దలకు చదివి వినిపించే పని కళాశాలల్లో చదువుతున్న మన అమ్మాయిలకు అప్పగించండి, వారు మనకంటె శ్రద్ధగా చేస్తారు. ఉర్దూ రాష్ట్రంలో రెండవ అధికార భాష. ఉర్దూలో వినతిపత్రం ఇవ్వడానికి సంకోచించకండి. సమాచార హక్కు దరఖాస్తు, జనన పత్రంలో పేరు చేర్పు దరఖాస్తు నమూనాలు రెండు భాషల్లోనూ ద్వారం దగ్గర బల్లపై ఉన్నాయి. వెళ్లేటప్పుడు ఇంటికి ఒక్కొక్కటి తీసుకువెళ్లండి. నింపడంలో సందేహముంటే ఇషా తర్వాత కూడా నేను ఇక్కడే ఉంటాను.