గోత్రం వేరైతే చాలా?
(సేవాలాల్ జయంతి సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం, బుక్కరాయసముద్రం)



వేసవి సెలవులు దగ్గర పడితే చాలు, హాస్టల్లో ఎవరో ఒక అమ్మాయి మా గది గుమ్మం దగ్గర నిలబడుతుంది. "మేడం, మామ కొడుక్కి ఇస్తామని ఇంట్లో అనుకున్నారు. గోత్రం వేరే కదా, తప్పేముంది?" అంటుంది. చాలా ఏళ్ళు మేము "ముందు చదువుకోమ్మా" అని పంపించేశాం. అది ఆ ప్రశ్నకు జవాబు కాదు. ఆ బాకీ ఈరోజు తీర్చుకుంటున్నాం.

మన తండాల్లో రాథోడ్‌లకు రాథోడ్‌లతో, పవార్‌లకు పవార్‌లతో పెళ్ళి లేదు. మంచి కట్టుబాటు. అయితే గోత్రం నాన్న వైపు నుంచే వస్తుంది. జన్యువులు మాత్రం అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి. మామ కొడుకు గోత్రం వేరే కావచ్చు, మీ ఇద్దరి తాత, అవ్వ ఒక్కరే.

దీంతో నష్టమేమిటి? దాదాపు ప్రతి జన్యువూ మనలో రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకదానిలో లోపముంటే చాలాసార్లు రెండోది కాపాడుతుంది. తాతలోని లోపమున్న ప్రతి అమ్మ ద్వారా ఒకటి, నాన్న ద్వారా ఒకటి బిడ్డకు చేరితే కాపాడేది ఉండదు. రెండు ప్రతులూ ఇలా ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతిని అమెరికా శాస్త్రవేత్త సీవాల్ రైట్ 1922లో ఇచ్చారు. మామ, అత్త పిల్లల మధ్య పెళ్ళైతే వాళ్ళ బిడ్డకు అది 16లో 1. మేనమామనే చేసుకుంటే 8లో 1.

ఇది వంశవృక్షం చూసి వేసే అంచనా. మనకు మూడు తరాల పేర్లు గుర్తుంటే గొప్ప. అంతకుముందువి డీఎన్ఏలోనే దొరుకుతాయి. మనిషికీ మనిషికీ తేడా కనిపించే లక్షల స్థానాలు డీఎన్ఏలో ఉన్నాయి. వాటిని మార్కర్లు అంటారు. కొద్దిపాటి రక్తంతో వాటిని చదివి, రెండు ప్రతులూ అచ్చం ఒకేలా ఉన్న పొడవైన ముక్కలను కూడుతారు. ఉదాహరణకు, లెక్కలోకి తీసుకునే 288 కోట్ల అక్షరాల్లో 18 కోట్లు అలాంటి ముక్కలైతే, 16లో 1 అన్నమాట. ముక్కలు పొడవుగా ఉంటే చుట్టరికం దగ్గరిది. పొట్టివి ఎక్కువగా ఉంటే చాలా తరాల కిందటిది. ఒకే తల్లి బిడ్డల్లో కూడా ఈ కొలత ఒక్కొక్కరికి ఒక్కోలా వస్తుంది.

ఒక జాతి మొత్తానికీ లెక్క ఉంది. ఒక మార్కర్ దగ్గర 100 మందిలో 50 మందికి రెండు ప్రతులూ వేరుగా ఉండాల్సిన చోట 40 మందికే ఉంటే, ఆ తగ్గిన 10ని 50తో భాగిస్తే 0.2. ఇలా ఎన్నో మార్కర్ల దగ్గర తగ్గుతూ ఉంటే, దగ్గరివాళ్ళ మధ్య పెళ్ళిళ్ళు ఒక కారణం కావచ్చు.

"ఇదంతా గిరిజనుల సమస్య" అని ఎవరైనా అంటే తల దించుకోకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో దాదాపు నాలుగో వంతు పెళ్ళిళ్ళు రక్తసంబంధంలోనే జరిగాయి. హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన కుమారసామి తంగరాజ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ బృందాలు దక్షిణాసియాలోని 263 సమూహాల మార్కర్లు పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించాయి. కొద్ది కుటుంబాలతో మొదలై లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్న గుర్తు 81 సమూహాల్లో చాలా గట్టిగా కనిపించింది. వాటిలో లక్షలమంది ఉన్న వైశ్యులూ ఉన్నారు. ఆపరేషన్ ముందు కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు వాళ్ళలో కొందరికి పడదు. ఆ సంగతి తెలిసింది కాబట్టే మత్తు డాక్టర్లు జాగ్రత్త పడుతున్నారు. తెలుసుకోవడం అవమానం కాదు, ప్రాణాలు కాపాడుతుంది.

కాబట్టి పిల్లలూ, నాలుగు మాటలు.

ఒకటి, గోత్రంతో పాటు అమ్మ వైపు కూడా లెక్కపెట్టండి. అవ్వలను అడిగి రెండు వైపులా మూడు తరాల పేర్లు నోటు పుస్తకంలో రాయండి.

రెండు, గిరిజన ప్రాంతాల కోసం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలైంది. పరీక్ష పెడితే తప్పించుకోకండి. భార్యాభర్తలిద్దరూ ఆ జన్యువు మోసేవాళ్ళైతే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 4లో 1. ఇద్దరి మధ్య చుట్టరికం లేకపోయినా అంతే.

మూడు, రక్తం ఇచ్చే ముందు ఎందుకు తీసుకుంటున్నారు, ఫలితం మాకు చెబుతారా అని అడగండి. అది మీ హక్కు.

నాలుగు, మేనరికం చేసుకున్న ఇళ్ళను వేలెత్తి చూపకండి. వాళ్ళ పిల్లల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. ఏ జంటకైనా పుట్టుకతో వచ్చే లోపాల భయం నూటికి రెండు మూడు ఉంటే, మామ అత్త పిల్లలు చేసుకుంటే ఇంకో రెండు మూడు పెరుగుతుంది. లోపంతో బిడ్డ పుడితే తల్లిని తిట్టే ఇళ్ళు మేము చూశాం. ఆ జన్యువు ఆమె ఒక్కదాని నుంచి రాలేదు, నాన్న నుంచి కూడా వచ్చింది.

ఇక గుమ్మం దగ్గర నిలబడిన ఆ అమ్మాయికి మా జవాబు ఇది: గోత్రం వేరైతే చాలదమ్మా. పద్దెనిమిది నిండనీ, చదువు పూర్తి కానీ, పరీక్షలు చేయించుకో, ఆ తర్వాత నీ మనసులో మాట నువ్వే చెప్పు. ఇంటికి వచ్చి పెద్దలతో మాట్లాడాలంటే మేము వస్తాం.

జై సేవాలాల్.